టెండరు పెట్టె, కొలతల పుస్తకం

మన ప్రాజెక్టుల చరిత్రలు శంకుస్థాపన రాయి దగ్గర మొదలై ప్రారంభోత్సవపు రిబ్బను దగ్గర ముగుస్తాయి. రాయి వేసిన మంత్రి ఎవరు, ఆనకట్ట ఎన్ని అడుగులు లేచింది, ఎన్ని లక్షల ఎకరాలు సాగవుతాయన్నారు - యివి పాఠ్యపుస్తకాలకెక్కాయి. ఆ రెండు ఉత్సవాల నడుమ జరిగినది మాత్రం ఆఫీసు ఫైళ్లలో వుండిపోయింది. అంచనా ఎవరు తయారుచేశారు? పనిని ఎవరికి, ఏ పద్ధతిన అప్పగించారు? పూర్తయిన పనిని ఎవరు కొలిచారు? కట్టినది కుంగితే జవాబు చెప్పవలసినదెవరు? యీ నాలుగు ప్రశ్నలను వదిలేసిన ప్రాజెక్టు చరిత్ర సగం చరిత్రే.

పటాన్‌చెరువు నుంచి సంగారెడ్డి దాకా వున్న ప్రాంతంలో యిది కేవలం ఆఫీసు వ్యవహారం కాదు. బొంబాయి రోడ్డు మీద పడమటికి పోయేవాడికి ప్రజాధనం ముద్ర అడుగడుగునా కనిపిస్తుంది. రామచంద్రాపురంలో 1960లలో చెకొస్లవేకియా సహకారంతో లేచిన భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం, పటాన్‌చెరువులో 1972లో వచ్చిన ఇక్రిశాట్, ఆ దశకంలోనే లేచిన పారిశ్రామికవాడ, ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం, కందిలో ఐ.ఐ.టి., కలబ్‌గూరు దగ్గర మంజీరా బ్యారేజి, దాని పైన సింగూరు ఆనకట్ట - వీటన్నిటికీ ప్రభుత్వాల భూమో, డబ్బో, హామీయో ఆధారం. కాబట్టి ప్రభుత్వం నిర్మాణపు పనిని ఎట్లా కొంటున్నదనే ప్రశ్న యిక్కడి జీవితానికి పునాది ప్రశ్న.

ముందు పాత కాలం సంగతి చూద్దాం. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటి వుంది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించినది. చెరువు తవ్వకానికి వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి నూరు బండ్లు రెండు సంవత్సరాలు పనిచేసినట్లు అది చెబుతుంది. గట్టు పొడవు, వెడల్పు, ఎత్తులను కొలతలతో సహా చెక్కించింది. మంచి చెరువుకు వుండవలసిన పన్నెండు అంగాలేవి, చెరువుకు తగలకూడని ఆరు దోషాలేవి అని విడమరిచింది. నేటి ఇంజనీరు ‘స్పెసిఫికేషన్లు’ అనే దాన్ని ఆనాడు ఊరి ముందు రాతిమీద నిలబెట్టారు. చదవగలిగినవాడు చదివి గట్టుతో పోల్చి చూసుకోవచ్చు.

రాయలసీమలో, తెలంగాణాలో వాడుకలో వుండిన దశబంధం యింకొక ఏర్పాటు. చెరువు తవ్వించినవాడికో, తెగిన గట్టు పోయించినవాడికో భూమినిగాని, పంటలో భాగాన్నిగాని యిచ్చి, ప్రతిగా ఆ చెరువు మరమ్మత్తు బాధ్యతను వాడిమీద పెట్టేవారు. మరమ్మత్తు మానితే మాన్యం పోవాలి. అంటే కట్టినవాడు కట్టిపోవడానికి వీల్లేదు. గట్టుతో పాటు అతడూ అక్కడే వుండాలి.

యీ పాత ఏర్పాట్లను చూసి ముచ్చటపడి వూరుకుంటే మనం చరిత్ర చదివినట్లు కాదు. ఆ వెయ్యిమంది కూలీల పేర్లు శాసనంలో లేవు. తెలంగాణాలో చెరువు గట్లకూ బాటలకూ వెట్టి చెమట ఎంత యింకిందో 1946-51 నాటి రైతాంగ పోరాటం లోకానికి చాటింది. పుణ్యం ప్రభువుది, శ్రమ ప్రజలది అనేదే ఆనాటి న్యాయం. అయినా ఆ వ్యవస్థలో రెండు సూత్రాలు మనం ఏరుకోదగినవి: పని కొలతలు బహిరంగంగా వుండడం, కట్టినవాడికి నిర్వహణతో బంధం వుండడం. తరువాత వచ్చిన ఆధునిక పద్ధతి కూలికి కనీసం కాగితం మీద వేతనం చూపించింది; కాని యీ రెండు సూత్రాలనూ పోగొట్టింది.

ఆ ఆధునిక పద్ధతిని తెచ్చింది బ్రిటిషువాళ్ల పబ్లిక్ వర్క్స్ శాఖ. 1847-52 మధ్య కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టేనాటికి శాఖే స్వయంగా కూలీలను కూర్చి పని చేయించుకునేది. పనులు పెరిగినకొద్దీ కంట్రాక్టరు అవసరమయ్యాడు. కంట్రాక్టరు వచ్చాక అతన్ని అదుపులో పెట్టే పరికరాలు పుట్టాయి: ధరల పట్టిక, అంచనా, సీలు వేసిన టెండరు కవరు, ధరావతు, కొలతల పుస్తకం. వీటి వెనుక వున్న అనుమానం సరైనదే. అధికారి తనకు కావలసినవాడికి పని యిస్తాడేమోనని సీలు కవరు. కంట్రాక్టరు చెయ్యని పనికి బిల్లు పెడతాడేమోనని కొలతల పుస్తకం. చిన్న ఇంజనీరు కొలిచి రాయాలి, పై ఇంజనీరు తిరిగి సరిచూడాలి, ఆ తర్వాతనే బిల్లు. నైజాము రాజ్యంలోనూ యీ దఫ్తరు పద్ధతే స్థిరపడింది. యిదే మంజీరా మీద కిందిభాగాన 1923-31 మధ్య నవాబు అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో నిజాంసాగర్ లేచింది.

యీ పద్ధతిలో లోపం దాని నిర్మాణంలోనే వుంది. కాపలా అంతా శాఖ లోపలే. ఒక అధికారికి యింకొక అధికారి కాపలా. ఎవరి పన్నుతో పని జరిగిందో, ఎవరి పొలానికి నీళ్లు రావాలో వాళ్లకు కొలతల పుస్తకం కనబడదు. యిద్దరు అధికారులూ, కంట్రాక్టరూ ఒక్కటైతే ఆ పుస్తకం అబద్ధాన్ని చట్టబద్ధం చేసే సాధనమవుతుంది. యింకొక సంగతి: పాలమూరు మట్టిపని జట్లు దేశమంతటా కాలువలు తవ్వాయి, ఆనకట్టలకు మట్టి మోశాయి. కాని కంట్రాక్టు కాగితంలో వాళ్లు లేరు; ‘ఘనపు మీటరుకు యింత’ అనే రేటు లోపల మాయమైపోయారు. టెండరులో రేటు తగ్గినప్పుడల్లా ఆ తగ్గింపులో కొంత మేస్త్రి చేతుల మీదుగా కూలి మీదికే దిగుతుంది.

స్వతంత్రం వచ్చాక మన ప్రభుత్వాలు యీ యంత్రాన్ని దాదాపు ఉన్నదున్నట్లు స్వీకరించాయి. కాని ఒకచోట భిన్నంగా ఆలోచించాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్‌ను కాంక్రీటుతో కాక రాతికట్టడంగా కట్టాలని నిర్ణయించారు. యంత్రాలకూ సిమెంటుకూ కొరతగా వున్న దేశంలో, పని లేని చేతులు కోట్లుగా వున్న దేశంలో, అది బుద్ధిపూర్వకమైన నిర్ణయం. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ప్రభుత్వం నిర్మాణపు పనిని ఎట్లా కొనాలన్నది ఎంత చవకగా కొనాలన్న ప్రశ్న మాత్రమే కాదనీ, ఎవరికి పని, ఎవరికి వేతనం అన్న ప్రశ్న కూడాననీ యీ ఉదాహరణ రుజువు చేసింది.

అదే కాలంలో యింకొక పరిణామం జరిగింది. డెల్టా వ్యవసాయంలో మిగులు కూడబెట్టిన కుటుంబాలలో కొన్ని కాలువ పనులు, రోడ్డు పనులు పట్టి కంట్రాక్టర్లయ్యాయి. ఆనకట్టల మీద ఆర్జించిన పెట్టుబడి తరువాత పరిశ్రమల్లోకి, విద్యాసంస్థల్లోకి, చివరకు శాసనసభల్లోకి నడిచింది. పనిని కొనే ప్రభుత్వంలో పనిని అమ్మేవాడు కూర్చున్న తరువాత సీలు కవరు ఎవరి నుంచి ఎవరిని కాపాడుతుంది?

సంగారెడ్డి ప్రాంతానికి వద్దాం. గోదావరి జలాల మీద 1975లో కుదిరిన ఒప్పందాన్ని, 1980 నాటి బచావత్ తీర్పును అనుసరించి సింగూరు దగ్గర 30 టి.యం.సి.ల జలాశయానికీ, అందులోంచి హైదరాబాదు మంచినీటికి 4 టి.యం.సి.లకూ అనుమతి వచ్చింది. ఆనకట్ట లేచింది, ఊళ్లు మునిగాయి, 1990ల మొదటి సగంలో గొట్టాల ద్వారా నీళ్లు రాజధానికి చేరాయి. ఆనకట్ట పక్కనే వున్న పొలాలకు కాలువల ద్వారా నీళ్లందడానికి ఆపైన రెండు దశాబ్దాలు పట్టింది. ఆనకట్టకు అంచనా వుంది, గొట్టానికి అంచనా వుంది. పంట కాలువ అంచనా మాత్రం వెనకబడింది. ఏ భాగానికి ముందు టెండరు పిలవాలన్నది గణితం కాదు, రాజకీయం.

పటాన్‌చెరువు పారిశ్రామికవాడ కథ యింకా కఠోరమైనది. రోడ్లకు, కరెంటుకు, ప్లాట్లకు ప్రభుత్వం ముందుగా ఖర్చు లెక్క వేసింది. కర్మాగారాల మురికినీళ్లు ఎక్కడికి పోవాలన్న ఖర్చుకు ఆ లెక్కలో చోటు దొరకలేదు. ఆ నీళ్లు నక్కవాగులో పడి మంజీరా వైపు పోయాయి. రైతుల పొలాలు చెడ్డాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. ఉమ్మడి శుద్ధి కర్మాగారం 1994లో గాని పనిలోకి రాలేదు. అంచనాలో రాయని ఖర్చు రద్దు కాదు. దాన్ని మరొకరు చెల్లిస్తారు. యిక్కడ రైతు చెల్లించాడు.

యీ నడుమ రాష్ట్రమంతటా టెండరు పెట్టె చుట్టూ ఒక సంస్కృతి పెరిగింది. టెండరు ఫారాలు బయటివాళ్లకు అమ్మకుండా చూడడం, పెట్టె దగ్గర మనుషుల్ని కాపలా పెట్టడం, వచ్చినవాణ్ణి బెదిరించి వెనక్కి పంపడం, కంట్రాక్టర్లు ముందే కూడబలుక్కొని ఒకరికి పని వదిలి మిగతావాళ్లు వాటా పుచ్చుకోవడం జిల్లా కేంద్రాలలో అందరికీ తెలిసిన రహస్యాలు. దీనికి విరుగుడుగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003 జనవరిలో కంప్యూటరు ద్వారా టెండర్లు వేసే పద్ధతిని ప్రవేశపెట్టింది. దేశంలో యీ దారి తొక్కిన మొదటి రాష్ట్రాలలో మనదొకటి. అదే సంవత్సరం జులైలో టెండరు నిబంధనలను సవరించి, అంచనా మీద 5 శాతానికి మించి ఎక్కువ కోట్ చేస్తే ఒప్పుకోకూడదని కట్టడి చేసింది.

దీని మేలును తక్కువచేసి చెప్పడం అన్యాయం. ఆఫీసు గుమ్మం దగ్గర కర్ర పట్టుకొని నిలబడినవాడికి పని లేకుండా పోయింది. మారుమూల వున్న చిన్న కంట్రాక్టరు కూడా టెండరు వెయ్యగలిగాడు. కాని సంస్కరణ ఎక్కడ ఆగిందో చూడాలి. అది కవరు తెరిచే క్షణాన్ని శుభ్రం చేసింది. కవరుకు ముందు అంచనా, కవరు తర్వాత కొలత - యీ రెండూ పాత చీకట్లోనే వుండిపోయాయి. అంచనాయే రెట్టింపుగా వుంటే 5 శాతం కట్టడి ఏం కాపాడుతుంది? కంప్యూటరు కూడా దానంతట అది నిజాయితీ కాదు. మధ్యప్రదేశ్‌లో 2018లో బయటపడిన కుంభకోణంలో కంప్యూటరు టెండర్ల అంకెలనే మార్చారన్న ఆరోపణ వచ్చింది.

2004 తర్వాత జలయజ్ఞం రోజుల్లో కొత్త పద్ధతి పెద్దయెత్తున వచ్చింది. సర్వే, డిజైను, సామగ్రి, నిర్మాణం అన్నీ ఒక్క కంట్రాక్టరుకే మొత్తం ధరకు అప్పగించే ఈ.పి.సి. పద్ధతి యిది. సిద్ధాంతం వినసొంపుగా వుంది: ధర ఒక్కసారే నిర్ణయమవుతుంది, నష్టభయం కంట్రాక్టరుది, పని వేగంగా సాగుతుంది. ఆచరణలో జరిగింది వేరు. సమగ్రమైన సర్వే కాకముందే ప్రభుత్వం మొత్తం ధర కట్టింది. పని ఎంతో సరిగ్గా తెలియకుండానే వెల కుదిరింది. డిజైను చేసేవాడే కట్టేవాడు కాబట్టి, పరిమాణం తగ్గితే మిగులు అతనిదే. ధరలు పెరిగినప్పుడు మాత్రం ఉక్కు, సిమెంటు, ఇంధనం పేర సవరణ ఉత్తర్వులు వచ్చాయి. లాభం గుత్తేదారుది, నష్టభయం ఖజానాది! 86 ప్రాజెక్టుల యీ మహా కార్యక్రమం మీద కాగ్ 2012లో యిచ్చిన నివేదిక, సన్నాహం లేకుండా పనులు అప్పగించడాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. నివేదిక వచ్చేనాటికి డబ్బు ఖర్చయిపోయింది. శవపరీక్ష వైద్యం కాదు.

తరువాత వచ్చిన మందు రివర్సు టెండరు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోలవరం ప్రధాన పనులకు తిరిగి టెండర్లు పిలిచి, ఉన్న ధర కంటె కిందికి పాట పాడించే పద్ధతి పెట్టింది. 12.6 శాతం తక్కువకు పని కుదిరిందని, 600 కోట్లకు పైగా ఆదా అయిందని ప్రకటించారు. టెండరు వేసింది ఒకే ఒక సంస్థ! ఒక్కడే పాడే వేలంపాటలో పోటీ ఏది? 2024లో వచ్చిన ప్రభుత్వం ఆ పద్ధతినే ఎత్తివేసింది. అటు కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో, అందరికంటె తక్కువ పాడినవాడికే పని అనే సూత్రాన్ని కొంత సడలించి, ప్రత్యేకించిన పనులలో నాణ్యతకు 30 శాతం దాకా విలువ కట్టవచ్చునన్నది. మంచిదే. కాని నాణ్యతకు మార్కులు వేసే కమిటీ తలుపు మూసుకొని కూర్చుంటే, రహస్యం కవరులోంచి కమిటీ గదిలోకి మారినట్లే గదా.

యీ చరిత్ర మొత్తానికి మేడిగడ్డ పరాకాష్ఠ. 2019 జూన్ 21న కాళేశ్వరం ఎత్తిపోతల ప్రారంభమయింది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజిలో ఏడవ బ్లాకు స్తంభాలు కుంగాయి. జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు పథక రచన, డిజైను, నాణ్యత తనిఖీ, నిర్వహణ - అన్నిటా లోపాలున్నాయన్నారు. కేంద్రానికి 81,911 కోట్లుగా చూపిన ప్రాజెక్టు వ్యయం 1,47,427 కోట్లు దాటవచ్చునని కాగ్ నివేదిక 2024 ఫిబ్రవరిలో చెప్పింది. కుంగిన భాగానికి మరమ్మత్తు ఎవరి ఖర్చుతో అన్నది వివాదమయింది. దశబంధం కాలపు గ్రామానికి తెలిసిన జవాబు యిన్ని కంట్రాక్టు పేజీలు చేతిలో వున్న ప్రభుత్వానికి తెలియలేదు.

మేడిగడ్డ గోదావరి మీద, భూపాలపల్లి జిల్లాలో వున్నది; సంగారెడ్డికి దానితో ఏమి పని అనవద్దు. కాళేశ్వరం నీళ్లను మల్లన్నసాగర్ మీదుగా సింగూరుకు తేవాలన్నది పథకం. ఆ నీళ్లను నమ్ముకొనే 2022 ఫిబ్రవరి 21న నారాయణఖేడ్‌లో సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతలకు శంకుస్థాపన చేశారు. సింగూరు నుంచి ఎత్తి 3.8 లక్షల ఎకరాలకు పైగా తడుపుతామన్నారు. అక్కడ స్తంభం కుంగితే జహీరాబాదు, నారాయణఖేడ్ మెట్టభూముల రైతు ఆశ కూడా యిక్కడ కుంగుతుంది. కాంక్రీటులో జరిగిన తప్పు వందల కిలోమీటర్ల దూరాన పొలంలో తేలుతుంది.

అయితే మార్గమేది? కంట్రాక్టర్లను తీసేసి అన్నీ శాఖ ద్వారానే చేయిస్తే సరిపోతుందని కొందరు మిత్రులంటారు. శాఖకు సొంత సామర్థ్యం, సొంత డిజైను విభాగం, సొంత పరీక్షాశాలలు వుండి తీరాలన్నది నిజం. అవి కుంగబట్టే ప్రభుత్వం తాను కొనేదేమిటో తెలియని కొనుగోలుదారయింది. కాని చెయ్యని పనికి మస్టరు రాసే విద్య శాఖ సొంత పనుల్లో కూడా వుండేది. యజమాని మారితే చాలదు. లెక్క చూసేవాడు మారాలి.

ఆ విద్య మనకు కొత్త కాదు. రాజస్థాన్ గ్రామాలలో 1994లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ మొదలుపెట్టిన బహిరంగ విచారణల్లో కూలీల మస్టర్లు, బిల్లులు జనం ముందు చదివారు. ఆ ఉద్యమం సమాచార హక్కు చట్టం 2005లో రావడానికి దారితీసింది. 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీని రాష్ట్రవ్యాప్తంగా నడిపి, 2009లో దానికొక ప్రత్యేక సొసైటీని ఏర్పరచింది మన ఆంధ్రప్రదేశే. ఊరి మధ్య కూర్చొని కొలతల పుస్తకం చదివారు. గుంత దగ్గరికి పోయి టేపు పెట్టి కొలిచారు. అబద్ధం చెప్పినవాణ్ణి అక్కడే నిలదీశారు. చదువురాని కూలీలు ఎం.బుక్కును అర్థం చేసుకున్నారు.

యిక్కడే మన వ్యవస్థ వర్గస్వభావం బయటపడుతుంది. రోజుకు నూరు రూపాయల కూలి పుచ్చుకున్నవాడి లెక్కకు బహిరంగ విచారణ వుంది. వేల కోట్ల బిల్లు పుచ్చుకున్నవాడి లెక్కకు లేదు. పేదవాడి తట్టను జనం ముందు కొలిచిన ప్రభుత్వం, పెద్దవాడి కాంక్రీటును మూసిన గదిలో కొలుస్తున్నది. మన డిమాండు యీ ఒక్క అసమానతను రద్దు చెయ్యమనే.

దీన్ని వివరంగా చెబితే యిట్లా వుంటుంది. పెద్ద పనుల సర్వే, డిజైను, అంచనా టెండరుకు ముందే తెలుగులో ప్రచురించాలి. కట్టబోయేవాడితో సంబంధం లేని నిపుణులు వాటిని పరీక్షించాలి. పని నడుస్తుండగా కొలతలు, బిల్లులు, అంచనాలో చేసిన ప్రతి సవరణ, దానికి కారణం జనానికి అందుబాటులో వుండాలి. కట్టినవాడిమీద నిర్వహణ బాధ్యత రెండు మూడు వానాకాలాలతో తీరిపోకూడదు. వేతనాల రిజిస్టరు బిల్లుకు జతకావాలి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి కనీసం 1 శాతం సెస్సు అని 1996లో చట్టం చేసిన దేశంలో, ఆ డబ్బు చేరిందా లేదా అన్నది విచారణలో చదవాలి. నిజాయితీగా పనిచేసిన చిన్న కంట్రాక్టరుకు బిల్లు సకాలంలో చెల్లాలి. బిల్లు ఆగుతుందన్న భయం ముందే రేటులో కలుస్తుంది, ఆ భారమూ ప్రజలదే. వీటికి చట్టం అండ కావాలి. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో టెండర్ల పారదర్శకతకు చట్టాలు చేసుకున్నాయి. పార్లమెంటులో 2012లో ప్రవేశపెట్టిన ప్రభుత్వ కొనుగోళ్ల బిల్లు మాత్రం సభతోపాటు మురిగిపోయింది.

యిది పనులను ఆలస్యం చేస్తుందని అధికారులంటారు. ఒక్క గ్రామసభకు ఒక పూట పడుతుంది. సింగూరు కాలువకు రెండు దశాబ్దాలు పట్టింది. పటాన్‌చెరువులో లెక్కకెక్కని మురికి ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. ఆలస్యం ఎక్కడినుంచి వస్తున్నదో యీ రెండే చెబుతున్నాయి. ఇంజనీరింగు సామాన్యుడికి అర్థం కాదని యింకొందరంటారు. స్తంభం ఒత్తిడి లెక్కలు అందరికీ రాకపోవచ్చు. ఎన్ని బస్తాల సిమెంటు రాశారో, ఎన్ని వచ్చాయో లెక్కపెట్టడం కూలి మోసినవాడికి బాగా తెలుసు.

సంగారెడ్డిలో, పటాన్‌చెరువులో ఇంజనీరింగు విద్యార్థులున్నారు, అధ్యాపకులున్నారు, కార్మిక సంఘాలున్నాయి. ఒక చెక్‌డ్యాము అంచనా అడిగి తీసుకొని, గట్టు మీదికి పోయి కొలిచి, ఆ అంకెలను ఊళ్లో చదివి వినిపించడానికి విప్లవం దాకా ఆగనక్కరలేదు. సమాచార హక్కు దరఖాస్తు ఒకటి, కొలత టేపు ఒకటి చాలు. టెండరు పెట్టెను కంప్యూటరులోకి మార్చిన సంస్కరణను ప్రభుత్వం చేసింది. కొలతల పుస్తకాన్ని ఊరి ముందు తెరిపించే సంస్కరణను ప్రజలే చెయ్యాలి.